చీకటికి చెవి యొగ్గిన శాస్త్రజ్ఞుడు

ప్రొద్దు గ్రుంకి మసకచీకటి క్రమ్మునప్పుడు, పాత దేవాలయముల గోపురముల నుండియు, పాడుపడిన మండపముల నుండియు చిన్న గబ్బిలములు గుంపులుగా వెలువడుట మన గ్రామములలో అందరును చూచినదే. అవి స్తంభములకు గాని, కొమ్మలకు గాని తగులవు. ఒకదానితో నొకటి ఢీకొనవు. రెప్పపాటులో త్రోవ మార్చుకొనుచు, గాలిలోనే దోమలను, పురుగులను పట్టి తినును. దీపము లేనిదే మనుష్యుడు తన యింటి గడపనే తట్టుకొని పడును. అట్టిచో కారుచీకటిలో ఈ చిన్న ప్రాణికి దారి చూపునది ఏది? ఈ ప్రశ్న పుట్టిన తరువాత దానికి సరియైన సమాధానము లభించుటకు దాదాపు నూటయేబది సంవత్సరములు పట్టెను. ఆ సమాధానమును సాధించినవారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశీయుడైన డోనాల్డ్ రెడ్‌ఫీల్డ్ గ్రిఫిన్. పక్షులును, గబ్బిలములును అతనికి జీవితకాలపు చదువు.

గ్రిఫిన్ పుట్టుటకు ఎంతో పూర్వమే, ఇటలీ దేశమున పావియా నగరమునందు స్పలాంజని యను ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఈ విషయమును పరీక్షకు పెట్టెను. అది 1793వ సంవత్సరము. గదిలోని క్రొవ్వొత్తి ఆరిపోగానే గుడ్లగూబ గోడలకు కొట్టుకొనుటయు, గబ్బిలము మాత్రము నిశ్చింతగా ఎగురుటయు అతనికి ఆశ్చర్యము కలిగించెను. చూపు పోగొట్టబడిన గబ్బిలములు సైతము మునుపటి వలెనే ఎగిరెను. అట్టి వానిని వదలి, కొన్నాళ్లకు మరల పట్టి పరీక్షింపగా, వాని కడుపులు పురుగులతో నిండియుండెను. తరువాత జెనీవా నగరపు శస్త్రవైద్యుడు జురీన్ గబ్బిలముల చెవులను మూసి చూచెను. అంతట అవి దారి తెలియక అడ్డు వచ్చిన ప్రతి వస్తువునకును తగిలెను. స్పలాంజనియు ఆ పరీక్షను తానే చేసి, అది నిజమని ఒప్పుకొనెను.

అయినను లోకము నమ్మలేదు. గబ్బిలములు చెవులతో చూచునని యనుట కొందరికి పరిహాసముగా తోచెను. కూవియే వంటి మహాపండితుడు అవి రెక్కల స్పర్శచేతనే దారి తెలిసికొనునని తీర్పు చెప్పెను. పెద్దవాడు చెప్పిన మాట యగుటచే అదియే నూరేండ్లకు పైగా చెల్లుబడి యయ్యెను. అవిశ్వాసమునకు ఒక కారణము లేకపోలేదు. ఎగురుచున్న గబ్బిలము నోట మనుష్యుని చెవికి ఏ ధ్వనియు వినరాదు. వినుటకు ధ్వనియే లేనప్పుడు చెవితో పనియేమి? 1920లో హార్‌ట్రిడ్జి యను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, మనకు వినబడని సన్నని ధ్వనులను అవి చేయుచున్నవేమో యని ఊహించెను. కాని ఊహ వేరు, ఋజువు వేరు.

గ్రిఫిన్ 1915వ సంవత్సరము ఆగస్టు 3వ తేదీన న్యూయార్కు రాష్ట్రమునందు జన్మించెను. అతని మేనమామ ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ హార్వర్డ్ విశ్వవిద్యాలయమున జీవశాస్త్రాచార్యుడు. బాలుడు పాఠములకంటె పొలముల వెంట, సముద్రతీరము వెంట తిరిగి జంతువులను చూచుటయందే మక్కువ కలవాడుగా పెరిగెను. ఆ కాలమున పక్షుల కాళ్లకు సంఖ్యలు చెక్కిన చిన్న ఉంగరములను తొడిగి విడుచుట ఒక పరిశోధన పద్ధతిగా వ్యాపించెను. అట్టి పక్షి మరియొక చోట దొరకినచో, అది ఎక్కడనుండి ఎక్కడకు పోయినదో తెలియును. గ్రిఫిన్ ఈ పద్ధతిని నేర్చుకొని, దానిని గబ్బిలములకును వర్తింపజేసెను. విద్యార్థిగా నుండగనే వేలకొలది గబ్బిలములకు లోహపు పట్టీలు వేసి విడిచెను. వేసవిలో ఇండ్ల అటకలలోను, కొట్టములలోను కాపురముండు గబ్బిలములు చలికాలమున ఎంతో దూరమున నున్న గుహలకు పోయి నిద్రించునని అతడు ఇట్లు తెలిసికొనెను. అవి దారి తప్పక పోవుట యెట్లు? పాత ప్రశ్న క్రొత్త రూపమున అతనిని పట్టుకొనెను.

హార్వర్డ్‌లోనే పియర్స్ అను భౌతిక శాస్త్రాచార్యుడుండెను. మనుష్యుని చెవి సెకండుకు సుమారు 20,000 కంపనముల వరకు గల ధ్వనులనే వినగలదు. అంతకు మించిన వానిని శ్రవణాతీత ధ్వనులందురు. కీటకముల సవ్వడులను పరిశోధించుటకై పియర్స్, అట్టి ధ్వనులను గ్రహించి వినదగిన ధ్వనులుగా మార్చు యంత్రము నొకదానిని నిర్మించెను. విద్యార్థియైన గ్రిఫిన్ ఒక పంజరము నిండ గబ్బిలములను పెట్టుకొని ఆ ఆచార్యుని కడకు పోయెను. యంత్రమును పంజరము వైపు త్రిప్పగానే, అంతవరకు నిశ్శబ్దముగా నున్న గది చిటపట ధ్వనులతో నిండిపోయెను. గబ్బిలములు మూగవి కావు. మనుష్యుడే వాని యెడల చెవిటివాడు.

కాని కథ అక్కడ ముగియలేదు. గబ్బిలములను గదిలో విడిచి ఎగురనిచ్చినప్పుడు ఆ యంత్రమున ధ్వనులు చాల అరుదుగా వినవచ్చెను. ఎగురునప్పుడు అరవనిచో, ఆ అరుపు దారి చూపుట కెట్లు పనికివచ్చును? కావున 1938లో పియర్స్, గ్రిఫిన్‌లు ప్రకటించిన వ్యాసమున, ఈ ధ్వనులు ఒకదానినొకటి పిలుచుకొనుటకై చేయు అరుపులు కావచ్చునని మాత్రము వ్రాసిరి. గొప్ప సత్యము చేతికి చిక్కియు జారిపోయెను. అయినను వారు చేసిన పని నింద్యము కాదు. తాము విన్నంతవరకే చెప్పిరి. విననిదానిని కల్పించి చెప్పలేదు.

గ్రిఫిన్ ఆ ఫలితముతో తృప్తి చెందక, అది తప్పేమో యని తన్ను తానే ప్రశ్నించుకొనెను. లోపము గబ్బిలములలో లేదు, యంత్రమును వాడిన విధమున నుండెను. ఆ యంత్రపు శబ్దగ్రాహకము తన కెదురుగా వచ్చు ధ్వనినే గ్రహించును. గబ్బిలపు అరుపు కూడ టార్చిలైటు వెలుగువలె ముందు వైపునకే ఎక్కువగా ప్రసరించును. రెండును ఎదురెదురుగా నున్న క్షణముననే ధ్వని వినబడును. ఎగురుచున్న గబ్బిలము అట్టి చోట నుండుట అరుదు. దానికి ఎదురుగా యంత్రమును నిలిపినప్పుడు, ఎగురుచున్నంతసేపును అది అరచుచునే యుండెనని తేలెను.

అప్పుడు గ్రిఫిన్, చెవి నిర్మాణమును ఎరిగిన గాలంబోస్ అను సహవిద్యార్థితో కలిసి నిశ్చయమైన పరీక్షలకు పూనుకొనెను. ఒక గది మధ్యను పైకప్పునుండి సన్నని తీగలను సుమారు అడుగు ఎడముతో వరుసగా వ్రేలాడదీసిరి. వాని నడుమ ఎగిరి పోవలసిన గబ్బిలము ఎన్ని మారులు తీగలకు తగులునో లెక్కించిరి. కన్నులకు తాత్కాలికముగా గంతలు కట్టినను అవి తేలికగా తప్పించుకొని పోయెను. చెవులు మూసినప్పుడు గ్రుడ్డిగా తగులుకొనెను. చెవులు తెరచి నోరు కట్టినప్పుడును అట్లే తగులుకొనెను. కట్లు విప్పి, చెవులలోని అడ్డు తీసివేయగానే మరల మునుపటి నేర్పు వచ్చెను. గబ్బిలము నోటితో ధ్వని చేయును. ఆ ధ్వని ఎదుటి వస్తువునకు తగిలి మరలి వచ్చును. ఆ ప్రతిధ్వనిని చెవి గ్రహించును. నోరు, చెవి, ఈ రెండింటిలో ఏది లేకున్నను దారి లేదు. ఈ పరీక్షల ఫలితములు 1941లోను, 1942లోను ప్రకటితములయ్యెను.

అప్పుడును సందేహించినవారు లేకపోలేదు. ఒక శాస్త్రజ్ఞుల సభలో గాలంబోస్ ఈ సంగతి చెప్పగా, పేరుపడిన శరీరశాస్త్ర పండితుడొకడు అతని భుజములను పట్టుకొని ఊపుచు, ఇది నిజమని నీవు నిజముగా నమ్ముచున్నావా యని యడిగెనట. ఆ దినములలో రాడారు, సముద్రగర్భమున శత్రునౌకలను కనిపెట్టు యంత్రములు సైనిక రహస్యములుగా నుండెను. మనుష్యుని మేధ క్రొత్తగా కనిపెట్టుచున్న పద్ధతిని ఏడెనిమిది గ్రాముల ప్రాణి అనాదినుండి వాడుచున్నదని యనుట కొందరి అభిమానమునకు మింగుడుపడలేదు. గ్రిఫిన్ 1944లో ఈ విద్యకు ‘ఎకోలొకేషన్’ అను పేరు పెట్టెను. ప్రతిధ్వనిచే స్థానమును తెలిసికొనుట యని దాని యర్థము. చేతికఱ్ఱను నేలపై తట్టుచు, ఆ ధ్వనిచే అడ్డంకులను పసిగట్టు అంధులును ఈ విద్యనే కొంత యెరుగుదురని అతడు చూపెను.

ఈ కాలముననే మరియొక విశేషము జరిగెను. జర్మనీ సేనల అధీనమున నున్న హాలండు దేశమున డైక్‌గ్రాఫ్ అను శాస్త్రజ్ఞుడు, అమెరికాలోని పరిశోధనల సంగతి యెరుగకయే, యంత్రముల సహాయము లేకయే, ఎగురుచున్న గబ్బిలము నోట అతి సన్నని టిక్కుటిక్కు శబ్దమును తన చెవులతోనే విని, 1943లో ఇదే నిర్ణయమును ప్రకటించెను. ఇద్దరు వేర్వేరు త్రోవల వచ్చి ఒకే చోట కలిసికొనినప్పుడు, ఆ చోటు నిజమైనదని నమ్మకము కలుగును.

యుద్ధానంతరము 1946లో గ్రిఫిన్ కార్నెల్ విశ్వవిద్యాలయమున చేరెను. అంతవరకు అతడును గబ్బిలములు ప్రతిధ్వనులచే గోడలు, తీగలు వంటి అడ్డంకులను మాత్రమే తెలిసికొనునని తలచుచుండెను. దోమవంటి అల్పప్రాణి నుండి మరలివచ్చు ప్రతిధ్వని అత్యల్పము. దానితో ఆహారమును వెదకికొనుట అసాధ్యమని అతనికి తోచెను. కాని పరిశోధనశాల నాలుగు గోడల నడుమ చూచినది ప్రాణి జీవితమంతయు కాదని అతనికి తెలియును. బరువైన యంత్రములను కారులో వేసికొని, వేసవి సాయంకాలమున ఒక చెరువు గట్టునకు పోయెను. నీటిపై తిరుగుచు కీటకములను పట్టుచున్న గబ్బిలముల ధ్వనులను అచట వినెను. మొదట సెకండుకు పది, ఇరువది చొప్పున వచ్చుచున్న అరుపులు, గబ్బిలము పురుగును సమీపించిన కొలది త్వరపడి, సెకండుకు రెండు వందల వరకు పెరిగి, కడకు తుమ్మెద ఝంకారమువలె ఒకటిగా కలిసిపోయెను. అరుపు అరుపునకు పురుగు ఉనికి మరింత స్పష్టమగుచున్నదన్న మాట. తరువాత 1960లో వెబ్‌స్టర్, మైకేల్ అను సహచరులతో కలిసి గ్రిఫిన్, చీకటి గదిలో చిన్న గబ్బిలములు నిమిషమునకు పది దోమల వరకు పట్టగలవని నిరూపించెను. తాను అసాధ్యమనుకొనిన దానిని తానే సాధ్యమని చూపెను.

గబ్బిలములతో పాటు పక్షుల విషయమును అతడు ఎన్నడును విడువలేదు. గూటికి దూరముగా కొనిపోయి విడిచిన పక్షి మరల తన గూటినే యెట్లు చేరును? ఉంగరము తొడిగిన పక్షి బయలుదేరిన చోటు, చేరిన చోటు మాత్రమే తెలియును. నడుమ దారి తెలియదు. అందుచే అతడు గానెట్ అను తెల్లని సముద్రపక్షులను గూళ్లనుండి తెచ్చి, సముద్రమునకు దూరముగా భూమధ్యమున విడిచి, చిన్న విమానములో వానిని వెంబడించెను. అవి బాణమువలె తిన్నగా ఇంటికి పోవునని పలువురు తలచియుండిరి. కాని అనేక పక్షులు వంకర త్రోవలలో, వెదకుచున్నట్లు చుట్టి చుట్టి ఎగురుట కనబడెను. పిమ్మట రాడారు సహాయముతో, మేఘముల నడుమ రాత్రివేళ వలసపోవు పక్షుల గమనమును పరిశీలించెను. పక్షుల వలసను గూర్చి 1964లో ఒక గ్రంథము ప్రకటించెను.

పక్షియు గబ్బిలమును అతని పరిశోధనలో ఒకచోట కలిసికొనెను. దక్షిణ అమెరికాలోని వెనెజులా దేశమున కరీపె అను ఊరి సమీపమున నొక మహాగుహ కలదు. పగలంతయు అందు నివసించి, రాత్రివేళ పండ్లకై వెలువడు గ్వాచరో పక్షులను గూర్చి 1799లో హంబోల్ట్ అను యాత్రికుడు లోకమునకు తెలిపెను. గ్రిఫిన్ 1953లో ఆ గుహకు పోయెను. లోపల నిజముగా వెలుతురు లేదా యని ఫొటో ఫిలిమును చాలసేపు తెరచియుంచి పరీక్షించి, చీకటి సంపూర్ణమని నిశ్చయించుకొనెను. ఆ చీకటిలో పక్షులు టకటకమని ధ్వని చేయుచు ఎగురుచుండెను. ఈ ధ్వనులు మనుష్యుని చెవికి వినబడునవే. చీకటి గదిలో చెవులు మూసినప్పుడు ఆ పక్షులు గోడలకు కొట్టుకొనెను. అడ్డు తీసినంతనే సరిగా ఎగిరెను. రెక్కలు తప్ప వేరు పోలిక లేని రెండు జాతులు, చీకటి యను ఒకే కష్టమునకు ఒకే ఉపాయమును వేర్వేరుగా సాధించెనని దీనిచే తెలిసినది.

గ్రిఫిన్ 1958లో తన పరిశోధనల నన్నింటిని ఒక గ్రంథముగా వెలువరించెను. 1953 నుండి హార్వర్డ్‌లోను, 1965 నుండి న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమునందును ఆచార్యుడుగా నుండెను. 1976లో, జంతువులకును ఆలోచన, ఎరుక ఉండునా యను ప్రశ్నను లేవదీసి మరియొక గ్రంథము వ్రాసెను. ఇది శాస్త్రమునకు తగిన ప్రశ్న కాదని పలువురు ఆక్షేపించిరి. చెవికి వినబడనంత మాత్రమున ధ్వని లేదనరాదని యౌవనముననే నేర్చిన ఆయన, మనకు కనబడనంత మాత్రమున మనస్సు లేదనుటకు ఒప్పుకొనలేదు. 2003వ సంవత్సరము నవంబరు 7వ తేదీన ఎనుబది యెనిమిదవ యేట ఆయన మరణించెను.

ఆయన యౌవనమున వేసిన పట్టీలు కూడ వ్యర్థము కాలేదు. ఆ విధముగా గుర్తింపబడిన చిన్న గబ్బిలములలో కొన్ని ఇరువది నాలుగు సంవత్సరముల పిదప సజీవముగా దొరకెను. అదే పరిమాణము గల చిట్టెలుక ఒకటి రెండేండ్లకంటె బ్రదుకుట అరుదు. ఇంత దీర్ఘాయువు గల ఈ గబ్బిలము ఏడాదికి ఒక్క పిల్లనే కనును. కావున దాని సంఖ్య తగ్గినచో మరల పెరుగుటకు చాలకాలము పట్టును. చలికాలమున గుహలలో నిద్రించు గబ్బిలములను తాకి మేల్కొల్పినచో, వసంతము వరకు రావలసిన క్రొవ్వు ముందే కరగి, అవి ఆకలిచే చచ్చునని కూడ క్రమముగా తెలియవచ్చెను. తెలిసికొనవలె నను కోరికయే ప్రాణికి హాని చేయకుండ చూచుకొనవలె నని పరిశోధకులు గ్రహించి, గుహలలో పట్టీలు వేయు అలవాటును చాలవరకు మానిరి. 2006లో న్యూయార్కు రాష్ట్రపు గుహ యొకదానిలో కనబడిన ఒక బూజు తెగులు, నిద్రించు గబ్బిలములను పదే పదే మేల్కొల్పి, లక్షలకొలదిగా చంపెను. గ్రిఫిన్ పరీక్షించిన జాతియే అందు మిక్కిలిగా నశించెను. ఆరోగ్యముగా నున్నప్పుడు అది యెట్లు జీవించునో పూర్వులు వ్రాసి యుంచుటచేతనే, ఇప్పుడు పోగొట్టుకొనిన దెంతయో కొలుచుట సాధ్యమయ్యెను.

మన దేశమునను గబ్బిలమునకు చాలకాలము గౌరవము లేదు. అది యింట దూరినచో అపశకున మనుకొనుట వాడుక. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున, పండ్లు తిను గబ్బిలములు ఎలుకలు, కాకులతో పాటు హానికర జీవుల పట్టికలో చేర్చబడెను. 2022 నాటి చట్ట సవరణచే ఆ పట్టిక తొలగింపబడెను. మర్రి, రావి మున్నగు చెట్ల విత్తనములను దూరదూరములకు చేర్చునవి ఈ పెద్ద గబ్బిలములే. రాత్రివేళ విచ్చు పలు పూవుల పుప్పొడిని మోయునవియు అవియే. ఇవి ఎక్కువగా కన్నులతోను, ముక్కుతోను దారి వెదకును. గుడి గోపురములలోని చిన్న గబ్బిలములు మాత్రము ప్రతిధ్వనులనే నమ్ముకొని, రాత్రి తెల్లవార్లు పురుగులను పట్టి పైరులకు మేలు చేయును.

గ్రిఫిన్, గాలంబోస్‌ల పరీక్షలు వెలువడిన 1941లోనే, మహాకవి జాషువా తన ‘గబ్బిలము’ కావ్యమును ప్రకటించెను. అంటరానితనముచే కుమిలిన యొక పేదవాడు తన మొర శివునకు విన్నవింప ఆ ప్రాణినే దూతగా ఎన్నుకొనెను. ఒకరి సంగతి మరియొకరికి తెలియదు. లోకము వినని గొంతును వినవలెనని కవి కోరెను. లోకము వినలేని గొంతును శాస్త్రజ్ఞుడు వినిపించెను. సంధ్యవేళ గోపురము నుండి గబ్బిలముల గుంపు నిశ్శబ్దముగా వెలువడునట్లు కనబడినప్పుడు, ఆ నిశ్శబ్దము మన చెవులలోనిదే గాని ఆకాశములోనిది కాదని తలచుకొనుట మంచిది.